జంక్షన్‌లో దిగినవాళ్లం

"మీదే ఊరు?" అని అడుగుతారు. "డోర్నకల్" అంటాను. "అది సరే భాయ్, అసలు మీదే ఊరు?" అని మళ్లీ అడుగుతారు. ఆ 'అసలు' దగ్గర నా నోరు ఆగిపోతుంది. రెడ్డిగారిని, రావుగారిని ఒక్కసారి అడిగి ఊరుకుంటారు. మమ్మల్ని మాత్రం రెండుసార్లు అడుగుతారు.

ఈ ప్రశ్న నాకు మొదట ఎదురైంది తొమ్మిదో తరగతిలో, వేరే ఊరి బడిలో. కొత్తగా చేరిన పిల్లల వివరాలు రాసుకుంటున్న సారు నా పేరు దగ్గర పెన్ను ఆపి "స్వగ్రామం?" అన్నాడు. "డోర్నకల్ జంక్షన్ సార్" అన్నాను. "జంక్షన్ ఊరెట్లయితదిర? అది రైళ్లు మారే తావు. మీ తాతలు యాడికెల్లి వచ్చిన్రు? అరబ్బు దేశంకెల్లా?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. ఏం చెయ్యాలో తెలియక నేనూ నవ్వాను. సెలవులకు ఇంటికొచ్చి దాదాకు చెప్పాను. దాదా బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకున్నాడు. "రైలెక్కి వచ్చినం బేటా. ఈ ఊల్లె రైలెక్కి రానోడు ఎవడో చూపియ్యమను మీ సారును" అన్నాడు.

అప్పుడు అది కోపంలో అన్న మాటనుకున్నాను. పెద్దయ్యాక నిజాం రైల్వే చరిత్ర చదువుతుంటే దాదా మాట ముప్పాతిక వంతు నిజమని తేలింది. మిగిలిన పాతిక గురించి కూడా చెప్తాను, దాచను.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. కాజీపేట నుంచి విజయవాడ పోయే మెయిన్ లైన్‌లో మానుకోట దాటాక, ఖమ్మం రాకముందు డోర్నకల్ వస్తుంది. ఇక్కడ ఒక లైను తూర్పుకు చీలి కారేపల్లి మీదుగా కొత్తగూడెం పోతుంది. అక్కడి స్టేషన్ పేరు భద్రాచలం రోడ్. కారేపల్లి దగ్గరే ఇల్లందుకు పోయే పాయ ఉంది. ఇల్లందును మావైపు ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. డోర్నకల్ ఎందుకు పుట్టిందో ఆ ఒక్క మాటలో ఉంది. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు ప్రాంతంలో బొగ్గు పొర కనిపెట్టాడు. ఇప్పటికీ ఆ పొరను కింగ్ సీమ్ అనే అంటారు. బొగ్గు దొరికింది సరే, తీసుకుపోయేదెట్లా? పట్టాలు కావాలి. అందుకని పెద్ద లైను నుంచి అడవిలోకి ఒక కొమ్మ వేశారు. కొమ్మ మొలిచిన చోట మా ఊరు మొలిచింది. అంతకుముందు అక్కడున్నది అడవి అంచున ఒక చిన్న పల్లె.

ఇక్కడ కొంచెం వెనక్కి పోవాలి. ఎందుకంటే "నిజాం రైలు వేశాడు" అని ఒకే మాటలో ముగించేవాళ్లు రెండు పక్కలా ఉన్నారు. మావాళ్లలో కొందరికి అది గర్వం. ఎదుటివాళ్లలో కొందరికి అది తురకల పాలన గుర్తు. ఇద్దరూ కాగితాలు చూడరు.

వాడి నుంచి సికింద్రాబాద్‌కు మొదటి లైను 1874లో తెరుచుకుంది. దానికి డబ్బు నిజాం ప్రభుత్వం పెట్టుకుంది. తర్వాత దాన్ని తూర్పుకు పొడిగించాలన్నారు. చాందా వైపు, బెజవాడ వైపు. ఆ పనిని లండన్‌లో పెట్టిన ఒక కంపెనీకి అప్పజెప్పే బేరం 1883లో నడిచింది. కంపెనీ పెట్టుబడికి ఏటా 5 శాతం వడ్డీ, 20 ఏళ్లపాటు, నిజాం ఖజానా హామీ. రైలుకు లాభమొస్తే కంపెనీది. రాకపోతే ఖజానా చెల్లించాలి. ఖజానా అంటే రైతు కట్టిన శిస్తు. కంపెనీ పేరులోనే ఆ హామీని చెక్కుకున్నారు: నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. బేరం మాట్లాడిన మొదటి సాలార్‌జంగ్ 1883 ఫిబ్రవరిలోనే పోయాడు. ఆ ఏడాది చివర ఒప్పందం కుదిరేనాటికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు పదిహేడేళ్లు. ఇంకా మైనరు. నిజాం రైలు వేశాడంటే, ఏ నిజాం వేసినట్టు?

ఈ బేరం ఏమిటో జనానికి చెప్పండని అడిగినవాళ్లున్నారు. అఘోరనాథ్ ఛటోపాధ్యాయ అడిగాడు. సరోజినీ నాయుడి తండ్రిగా ఆయన అందరికీ తెలుసు. ఆయనతో కలిసి ముల్లా అబ్దుల్ ఖయ్యూం అడిగాడు. షరతులు బయటపెట్టాలని, జనం డబ్బు మీద జనానికి మాట ఉండాలని వాళ్ల వాదన. దాన్ని చాందా రైల్వే ఆందోళన అంటారు. హైదరాబాద్ సంస్థానంలో రాజకీయంగా జనం నోరు విప్పిన మొదటి సందర్భాల్లో అదొకటి. అఘోరనాథ్‌ను 1883 మేలో సంస్థానం నుంచి వెళ్లగొట్టారు. ముస్లింలు కాంగ్రెస్ దరిదాపులకు పోవద్దని పెద్దపెద్దవాళ్లు చెప్తున్న రోజుల్లో ఖయ్యూం కాంగ్రెస్‌ను సమర్థించాడు కూడా.

ఇదే రైలు కథలో ఇంకో ముస్లిం ఉన్నాడు. సర్దార్ అబ్దుల్ హక్. రైలు బేరంలోనూ, 1886లో గనుల హక్కులు హైదరాబాద్ దక్కన్ కంపెనీకి కట్టబెట్టిన బేరంలోనూ ఈయన చెయ్యి ఉంది. గనుల షేర్లలో ఈయన సంపాదించుకున్న సంగతి బయటపడి, 1888లో లండన్ పార్లమెంటు కమిటీ వేసి విచారించేదాకా పోయింది. ఉద్యోగం ఊడింది.

ఈ ఇద్దరి మతమూ ఒకటే. ఒకడు జనం డబ్బుకు లెక్క అడిగాడు. ఇంకొకడు లెక్క లేకుండా తిన్నాడు. మా బడి పుస్తకాల్లో ఇద్దరూ లేరు. ఉన్నది నిజాం ఒక్కడే, నగలతో, వజ్రాలతో. ఆయన పక్కన నిలబెట్టి మమ్మల్ని చూస్తారు. మీరు ఏలినోళ్లు కదా అంటారు. ఏలినోళ్లం! మా దాదా వాళ్ల తాత పలుగూ తట్టా పట్టుకుని ఏలాడు.

మా ఇంట్లో చెప్పుకునే కథ ప్రకారం ఆయన కల్బుర్గి వైపు ఏదో పల్లెవాడు. వాడి లైనుకు మట్టిపని జరుగుతున్నప్పుడు కూలికి పోయాడు. లైను సికింద్రాబాద్ చేరింది, ఆయనా చేరాడు. లైను 1886 నాటికి వరంగల్ దాకా వచ్చింది, ఆయనా వచ్చాడు. 1888లో డోర్నకల్ నుంచి బొగ్గుట్టకు పట్టాలు పడ్డాయి. 1889లో మెయిన్ లైను బెజవాడ ముట్టుకుంది. ఇక ముందుకు పనిలేదు. పని ఆగిన చోట మనిషి ఆగాడు. మా వంశవృక్షం అంతే. పట్టా పక్కన నడుచుకుంటూ వచ్చి, పట్టా చీలిన చోట కూర్చున్నాం. కొడుకు గ్యాంగ్‌లో చేరాడు. మనవడు, అంటే మా దాదా, పాయింట్స్‌మన్ అయ్యాడు. మా అబ్బా కూడా పాయింట్స్‌మనే.

పాయింట్స్‌మన్ అంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు తెలియదు. బండి ఏ పట్టా మీదికి పోవాలో ఆ పట్టాను కలిపేవాడు. లీవరు గుంజితే పట్టా నాలుక పక్కకు జరుగుతుంది. మెయిన్ లైను బండి మెయిన్‌లోకి, బొగ్గు బండి కొమ్మలోకి. రాత్రయితే చేతిలో లాంతరు, దానికి ఒక పక్క ఎర్రద్దం, ఒక పక్క పచ్చద్దం. దాదా లాంతరు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పచ్చద్దం పగిలింది. ఎర్రద్దం ఒక్కటే మిగిలింది.

దాదా డబ్బాలో కొన్ని ఇత్తడి గుండీలు ఉండేవి. ఒకదాని మీద ఎన్.జి.ఎస్.ఆర్., ఇంకోదాని మీద ఎన్.ఎస్.ఆర్. అని ఇంగ్లీషు అక్షరాలు. చిన్నప్పుడు అవి ఆడుకునే బిళ్లలు మాకు. వాటి సంగతి తర్వాత తెలిసింది. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. గ్యారంటీ అనే మాట పోయి నిజాం స్టేట్ రైల్వే అయింది. 1951 నవంబర్‌లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. దాదా మొదటి మూడు పేర్ల కింద పనిచేశాడు, అబ్బా చివరి రెండు పేర్ల కింద. లీవరు మాత్రం అదే లీవరు. దొర మారితే గుండీలు మారాయి, అంతే.

ఇక ఊళ్లోకి ఎవరెవరు వచ్చారో చూద్దాం. ఇంజన్లతోపాటు ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు వచ్చారు. మద్రాసు వైపు నుంచి అరవ గుమాస్తాలు వచ్చారు. గనుల్లోకి పోయే కూలీలు పల్లెపల్లె నుంచి వచ్చి ఇక్కడ బండి మారేవాళ్లు. కొందరు మారకుండా ఉండిపోయారు. చాయ్ అమ్మేవాళ్లు, చాకలి, మంగలి, కోమటి, దూదేకుల వాళ్లు, కసాయి వాళ్లు. ఇంజను ఆగే చోట మనుషులకు ఆకలవుతుంది, బట్టలు మాస్తాయి. ఊరు కావడానికి అవి చాలు.

1909లో ఇంకో మనిషి దిగాడు. తిరునల్వేలి నుంచి వచ్చిన అరవాయన. వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి క్రైస్తవులు 1903లో తామే చందాలు వేసుకుని పెట్టుకున్న మిషనరీ సంఘం తరఫున వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912లో డోర్నకల్ పేరుతో అధ్యక్ష మండలం ఏర్పడి ఆయన బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్. లండన్‌లోనూ కలకత్తాలోనూ పెద్ద చర్చి పెద్దలు నోట్లో పలికిన ఊరి పేరు, పటంలో వెతికితే దొరకని ఈ జంక్షన్ పేరు! పెద్ద నగరమేదో వదిలేసి ఈ అడవి ఊరే దొరికిందా అని అనుకునేవాడిని. జవాబు పట్టాల్లోనే ఉంది. ఇక్కడ నిలబడితే మూడు దిక్కులకూ బండి దొరుకుతుంది. ఆ పట్టాల మీదుగా, ఎడ్లబండ్ల మీద ఆయన మాల మాదిగ వాడలకు పోయాడు. వేల మంది క్రైస్తవంలోకి వచ్చారు. దీనిమీద 1930లలో గాంధీకి, అజరయ్యకు మాట పట్టింపు కూడా వచ్చింది. మతం మారడం మా సొంత నిర్ణయం అని దళితుడు చెప్తే ఈ దేశంలో వినేవాళ్లు అప్పుడూ తక్కువే. పొట్టకోసం మారారనడం తేలిక. మమ్మల్ని కూడా అదే అంటారు కదా, కత్తికి భయపడి మారారని. మారినవాడికి బుర్ర ఉందని మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

అజరయ్య కట్టించిన గుడిని, ఎపిఫనీ కెథెడ్రల్‌ను, చూడనివాళ్లు ఒకసారి చూడాలి. 1939లో ప్రతిష్ఠ జరిగింది. దూరం నుంచి చూస్తే మసీదనుకుంటారు. గుమ్మటాలు, మినార్లు. లోపలికి పోతే దేవళంలో ఉన్నట్టు రాతి స్తంభాలు, తామరపూలు. తెలియక చేసిన కలగూరగంప కాదది. ఇంగ్లండు చర్చి నకలు ఇక్కడ వద్దని, ఈ నేల మీదున్న కట్టుబడి నుంచే తీసుకోవాలని పట్టుబట్టి కట్టించాడు. ఇది రాస్తుంటే నాకొక మాట తడుతున్నది. ఆ అరవ క్రైస్తవుడికి 'ఈ నేల కట్టుబడి' అంటే గుళ్లోని స్తంభం ఎంతో, మసీదు మీది గుమ్మటం కూడా అంతే. ఆయన ఆ రెంటినీ రెండుసార్లు అడగలేదు. 1945 జనవరి 1న పోయాడు. ఇక్కడే సమాధి చేశారు. తిరునల్వేలి ఆయన అసలు ఊరని ఇక్కడెవరూ అనరు. డోర్నకల్ బిషప్ అనే అంటారు.

ఇప్పుడు మిగిలిన పాతిక వంతు. రైలెక్కి రానివాళ్లు. పాత పల్లె రైతులు, మాల మాదిగలు, అడవుల్లో కోయలు ముందు నుంచీ ఉన్నారు. వాళ్లకు రైలు వచ్చి మీదపడింది. అడవిలోంచి స్లీపర్లకు కలప పోయింది, కొండల్లోంచి కంకర పోయింది. దాదాకు ఇది తెలియదని కాదు. ఆయన కళ్లముందు జరిగిందే. కానీ మేమూ వాళ్ల నేల మీద దిగినవాళ్లమే అని ఆయన ఒప్పుకోగా నేను వినలేదు. నేను ఒప్పుకుంటున్నాను.

లంబాడీల కథ వేరు. రైలుకు ముందు ఈ దేశంలో సరుకు బండి వాళ్లే. ఎడ్ల వీపుల మీద సముద్రం ఉప్పు పైకి, దక్కన్ ధాన్యం కిందికి మోశారు. మొగలు సైన్యాలు దక్కన్‌కు వచ్చినప్పుడు వాళ్లకు గింజలు చేర్చింది కూడా ఈ బంజారా బిడారులే. పట్టాలు పడ్డాక ఉప్పు వ్యాగన్‌లో వచ్చింది. వెయ్యి ఎడ్ల బిడారు మోసే సరుకును ఒక బండి లాక్కుపోయింది. ఎడ్లకు పని పోయింది. తిరిగే కాళ్లు తండాల్లో ఆగాయి. మాకు అన్నం పెట్టిన రైలే వాళ్ల పళ్లెం లాక్కుంది. మా ఊరి చుట్టూ ఉన్న తండాలను చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డ్ తెగల్లో చేర్చింది 1976లో. డోర్నకల్ అసెంబ్లీ సీటు 2009 ఎన్నికల నుంచి ఎస్టీ రిజర్వుడు. వందేళ్ల కింద పట్టాలు తీసుకున్న దానికి ఇది జమ అవుతుందో కాదో వాళ్లే చెప్పాలి.

1974 సమ్మె మాట ఇక్కడే చెప్పాలి. మే 8న దేశమంతా రైళ్లు ఆగాయి. ఇరవై రోజులు. జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వం. వేల మందిని అరెస్టు చేశారు, క్వార్టర్ల నుంచి కుటుంబాలను బయటికి నెట్టారు. అబ్బా లీవరు వదిలి పారిపోయి ఒక తండాలో తలదాచుకున్నాడు. పన్నెండు రోజులు. దాచింది ఒక లంబాడీ ముసలామె. జొన్నరొట్టె, పచ్చి ఉల్లిగడ్డ. రంజాన్ కాకపోయినా రోజా ఉన్నట్టే ఉందని అబ్బా నవ్వేవాడు. ఆమె అబ్బాను "సాయిబు కొడుకా" అని పిలిచేదట. రైలు వాళ్ల ఎడ్లను తిన్నదని ఆమెకు తెలుసు. రైలు మనిషికి రొట్టె పెట్టింది.

చిన్నప్పటి ఊరు గురించి రాయాలంటే ముందు బొగ్గుపొడి గుర్తొస్తుంది. అమ్మీ ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి బూడిదరంగు. పట్టా పక్కన రాలిన బొగ్గు ఏరుకొచ్చేవాళ్లం. గ్యాంగ్‌మన్ అన్న చూసీ చూడనట్టు పోయేవాడు. ఆయన క్రైస్తవుడు, పక్క క్వార్టరే. మొహర్రం వస్తే పీర్ల ముందు డప్పు కొట్టేది మాదిగ వాళ్లు, గుండం చుట్టూ తిరిగేది అందరూ. క్రిస్మస్‌కు మా ఇంటికి అరిసెలు వచ్చేవి. ఇదంతా చెప్పి మా ఊళ్లో అందరూ అన్నదమ్ములే అని కట్టుకథ అల్లను. బావి దగ్గర మాదిగ ఆడమనిషికి మా అమ్మీ కూడా చెంబుతో పైనుంచే నీళ్లు పోసింది. తురకోళ్ల క్వార్టర్లు అని ఒక వరుసకు పేరుండేది. ఆ వరుసలో సగం ఇళ్లు హిందువులవి.

1948 గురించి మా ఇంట్లో మాట్లాడరు. బయటివాళ్లు మాట్లాడుతారు. రజాకార్ల పేరు ఎత్తగానే అందరూ నా వైపు చూస్తారు. బైరాన్‌పల్లిలో 1948 ఆగస్టులో రజాకార్లు, నిజాం పోలీసులు చేసిన హత్యాకాండ నిజం. అది మా పేరు మీద జరిగిందని కూడా తెలుసు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే ముస్లింను నేను నమ్మను. కానీ సెప్టెంబర్ 13న సైన్యం వచ్చిన తర్వాత జరిగింది కూడా నిజమే. పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ బృందం ఊళ్లు తిరిగి, 27 వేల నుంచి 40 వేల మంది దాకా ప్రాణాలు పోయాయని అంచనా కట్టింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. 2013లో గానీ జనానికి అందలేదు. ఎక్కువ ఘోరం జరిగిన జిల్లాలు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్.

గుల్బర్గా అంటే మా కల్బుర్గి. దాదాకు అక్కడ పినతండ్రి వాళ్లు ఉండేవాళ్లు. ఏటా రంజాన్‌కు ఒక కార్డు వచ్చేది, ఉర్దూలో. పాసు మీద దాదా రెండుసార్లు పోయొచ్చాడు. 1948 రంజాన్‌కు వచ్చిన కార్డే చివరిది. 1949లో రాలేదు. తర్వాత ఎప్పుడూ రాలేదు. దాదా వెతకడానికి పోలేదు. ఎందుకు పోలేదో దాదీ చెప్పింది: "పోతే తెలుస్తది కదా." ఆ పల్లె పేరు ఆయన మళ్లీ ఎత్తలేదు. అబ్బాకు తెలియదు. నాకు తెలియదు. ఆ సెప్టెంబర్‌లో డోర్నకల్‌లో మా వాళ్లకు ఏమీ కాలేదు. నాలుగు రాత్రులు పక్క క్వార్టర్ క్రైస్తవుల ఇంట్లో పడుకున్నారు. ఆ ఇంటాయన గుమ్మం ముందు మంచం వేసుకున్నాడు. అంతే. ఐదో రోజు దాదా డ్యూటీకి పోయాడు.

ఇప్పుడు నన్ను "అసలు ఊరు" అడిగేవాళ్లకు నేనేం చెప్పాలి? అసలు ఊరు ఒకటి ఉండేది. దాని పేరు మా దాదా గొంతులో ఉండిపోయింది.

1980లలో మెయిన్ లైనుకు కరెంటు తీగలు వచ్చాయి. పొగ పోయింది, బట్టలు తెల్లగా ఆరాయి. నీళ్ల కోసం, బొగ్గు కోసం ఆగే పని లేక బండ్లు ముందుకు పోవడం మొదలుపెట్టాయి. ఆవిరి ఇంజను నాటి జంక్షన్‌కు ఉండే మర్యాద వేరు, కరెంటు ఇంజను నాటి జంక్షన్‌కు ఉండే మర్యాద వేరు. రాజధాని బండి మా ఊరిని కన్ను కొట్టినట్టు దాటిపోతుంది. వరంగల్ జిల్లా పోయి 2016లో మహబూబాబాద్ జిల్లా అయ్యాం. 2018లో మునిసిపాలిటీ అయ్యాం. దాదా ఉంటే ఇంకో రెండు గుండీలు ఇచ్చారా అని అడిగేవాడు.

1992 డిసెంబర్ తర్వాత కొన్నాళ్లు స్టేషన్‌లో చాయ్ తాగుతుంటే బెంచీ మీద పక్కన ఖాళీ ఉండేది. ఎవరూ ఏమీ అనలేదు. ఖాళీ ఉండేది, అంతే. ఆ ఖాళీలోంచే మాలాంటివాళ్లం రాయడం మొదలుపెట్టాం.

2019 డిసెంబర్‌లో పౌరసత్వ చట్టం మార్చారు. ఎన్నార్సీ వస్తుందని, తాతల నాటి కాగితాలు అడుగుతారని వాడవాడలా మాట. భూమి ఉన్నవాళ్లు పహాణీలు తీశారు. మాకు సెంటు భూమి లేదు. నాలుగు తరాలు ఉన్నది రైల్వే క్వార్టర్లలో. ఆ గోడ మాది కాదు, ఆ తలుపు నంబరు మాది కాదు. రిటైరైన నాడు తాళంచెవి ఇచ్చి బయటికి రావాలి. నూటముప్పై ఏళ్లు ఒకే ఊళ్లో ఉండి, ఉన్నట్టు చూపించే కాగితం లేని మనుషులం మేం. రైలు ఊళ్ల సంగతి ఇది. అందరికీ చోటిస్తుంది, ఎవరికీ పట్టా ఇవ్వదు. రైలు పట్టా తప్ప.

మా చెల్లె వచ్చింది. ఇద్దరం కూర్చుని అబ్బా రేకుపెట్టె తీశాం. గుండీలు, లాంతరు, అబ్బా చివరి పాసు. అడుగున దాదా సర్వీసు కాగితం ఒకటి, మడతల దగ్గర చిరిగి. పేరు, తండ్రి పేరు, ఒంటి మీద పుట్టుమచ్చలు. ఎడమ మోచేతి మీద గాయం మచ్చ అని రాసి ఉంది. ఆ మచ్చ నాకు తెలుసు. కింద స్వస్థలం అనే గడి. ఆ గడిలో ఏ గుమాస్తా రాశాడో, దాదా ఏం చెప్తే రాశాడో. అప్పటికి ఆయనకు కల్బుర్గి ఊరి పేరు తెలుసు. కార్డులు ఇంకా వస్తున్న రోజులు. అయినా ఆ గడిలో ఉన్నవి మూడు ఇంగ్లీషు అక్షరాలు. డి.కె.జె.

"ఇదేంది, ఎవరి పేరు?" అంది చెల్లె. ఆమె పుట్టేనాటికి అబ్బా రిటైర్‌మెంట్ దగ్గరపడింది. రైల్వే భాష ఆమెకు పట్టుబడలేదు.

"డోర్నకల్ జంక్షన్ కోడ్" అన్నాను. "టికెట్ మీద ఉంటది చూడు."

కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూడు జిరాక్సులు తీయించాం. ఒకటి నా దగ్గర, ఒకటి చెల్లె దగ్గర. మూడోది ఎవరికివ్వాలో తెలియక లాంతరు కింద పెట్టాను.